దసరా కత్తులు కొట్టే ముందు ముక్క విరిచి చూడండి

దసరా దగ్గర పడింది. కొలుముల ముందు యాట కత్తులు, గొడ్డళ్ళు, కొడవళ్ళు వరస కడతాయి. వాటి వెనకాలే తాళ్ళెక్కేవాళ్ళ గీత కత్తులు వస్తాయి. ఈ తొందరలోనే, కొత్తగా చేసిన కత్తి దాగలి మీదే చిట్లి తునక కంటికి తగిలిందన్న కబురు వచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకోవాలి, నూలు బట్టలే వేసుకోవాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి. ఇవన్నీ మీకు తెలుసు.

మనుషుల్ని ముంచేది వేరే తప్పు. ఏ ఉక్కో తెలియకుండా కత్తి కొట్టి, ఎర్రగా కాచి నేరుగా నీళ్ళలో ముంచడం.

ఉక్కు ఎంచుకోవడం

లారీ, ట్రాక్టర్ ట్రాలీ కమాన్ పట్టీ, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీ, అందరికీ అందే ఉక్కు. సూర్యాపేట, జడ్చర్ల వైపు రోడ్డు పక్క షెడ్లలో తూకానికి దొరుకుతుంది. కార్బన్ 0.5–0.6 శాతం ఉంటుంది. దెబ్బకు ఓర్చుకుంటుంది కాబట్టి కొడవలికీ, గొడ్డలికీ, మాంసం కొట్టే కత్తికీ ఇదే మేలు. పాత బేరింగుల ఉక్కులో కార్బన్ 1 శాతం, క్రోమియం 1.5 శాతం దాకా ఉంటాయి. సన్నటి అంచు చాలా రోజులు నిలుస్తుంది. కానీ ఎరుపు తగ్గాక ఒక్క దెబ్బ ఎక్కువైనా పగులుతుంది. చేయి తిరిగినవాళ్ళకే అది. యాంగిల్ ముక్కలు (షెడ్లకు వాడే మెత్తటి ఇనుము) ఎంత కాచి ముంచినా గట్టిపడవు.

పాత కమాన్ పట్టీకి ఒక రోగం ఉంటుంది: కంటికి కనబడని పగులు. నడుమ బోల్టు రంధ్రం చుట్టూ, పట్టీ మీద పట్టీ రాసుకున్న కొసల దగ్గర చూడండి. తుప్పు గీకేసి కిరోసిన్ రాయండి. పది నిమిషాలాగి పొడి గుడ్డతో బాగా తుడిచి, సుద్ద పొడి చల్లండి. పగులుంటే లోపల దాగిన కిరోసిన్ పైకి ఊరి తెల్లటి సుద్దలో వెంట్రుకంత తడి గీత తేలుతుంది. గీత కనబడితే దానికి అటూ ఇటూ రెండేసి అంగుళాలు వదిలి కోయండి.

ముక్క విరవడం

ఏ పట్టీతో కత్తి చేయబోతున్నారో ఆ పట్టీ నుంచే రెండంగుళాల పొడవు, వేలెడు వెడల్పు ముక్క కోయండి. నీడలో కాచండి, ఎండలో నిప్పు రంగు తప్పు చెబుతుంది. అయస్కాంతం అంటుకోవడం మానే వేడి సుమారు 770 డిగ్రీలు. అక్కడి నుంచి ఇంకొంచెం ఎరుపు పెరిగాక గోరువెచ్చటి నూనెలో ముంచండి. చల్లారాక ఆకురాయి లాగితే జారిపోవాలి. కొరికితే గట్టిపడలేదన్నమాట.

ఇప్పుడు ముక్కను వైసులో బిగించి, పైన గుడ్డ కప్పి సుత్తెతో కొట్టండి. వంగితే ఆ పట్టీ కత్తికి పనికిరాదు. విరిగితే విరిగిన మొహం చూడండి. నూరిన బూడిదలా సన్నగా, మెరుపు లేకుండా ఉంటే ఉక్కూ మంచిదే, మీ వేడీ సరైనదే. చక్కెర పలుకుల్లా మెరిస్తే ఎక్కువ కాచారు. ఇంకో ముక్క తీసి తక్కువ వేడిలో మళ్ళీ చేయండి. మొత్తం అరగంట పని.

నూనెలోనే ఎందుకంటే, కమాన్ పట్టీ నీళ్ళలో మరీ వేగంగా చల్లబడుతుంది. పైపొర గట్టిపడి బిగుసుకునేసరికి లోపల ఇంకా వేడిగా ఉంటుంది. ఆ లాగుడికి అంచులో వెంట్రుక పగులు పుడుతుంది. అప్పటికప్పుడు కనబడదు. సాన పట్టాక కూడా కనబడదు. వారం తర్వాత ఎముక మీద దెబ్బ పడినప్పుడో, తాటిచెట్టు మీద మోకు పట్టుకుని గీస్తున్నప్పుడో విరుగుతుంది. పాత పనిముట్ల ఉక్కు నీళ్ళకు తట్టుకుందని ఇదీ తట్టుకుంటుందనుకోవద్దు. నూనెలో ముక్క గట్టిపడితే నీళ్ళ జోలికే పోవద్దు.

ముంచేటప్పుడు, ఆ తర్వాత

అడుగు పొడవు కత్తికి కనీసం 4–5 లీటర్ల నూనె కావాలి. పల్లి నూనె, పామాయిల్ ఏదైనా సరే, 50–60 డిగ్రీలకు వెచ్చబెట్టండి. ఇనుప డబ్బాలోనే పోయండి, ప్లాస్టిక్ బకెట్ వద్దు. మూత పక్కనే ఉండాలి. డబ్బా అడుగున చెంబెడు నీళ్ళున్నా ఆవిరై నూనెను పైకి ఎగజిమ్ముతుంది, మంట లేస్తుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ వద్దు, ఆ పొగ విషం.

కత్తిని నిలువుగా ఒకేసారి దించండి. సగంలో ఆపవద్దు. ఎర్రటి భాగం నూనె పైన మిగలకూడదు.

ముంచిన కత్తి గాజుతో సమానం. కింద పడేయవద్దు. వంకర తీయాలని సుత్తె వేయవద్దు. గంటలోపే మళ్ళీ సెగ చూపించండి: కోసే కత్తికి సుమారు 200 డిగ్రీల దగ్గర గంట చొప్పున రెండుసార్లు, తోమిన అంచు ఎండుగడ్డి రంగుకు రావాలి. గొడ్డలికి వంకాయ రంగు దాకా పోనివ్వండి. రేపు చూద్దాం అనవద్దు.

గ్రైండరు మీద అంచు నీలం తిరిగితే అక్కడ మెత్తబడింది. ఆ భాగం పోయేదాకా అరగదీయాలి. రెండు మూడు సెకన్లకోసారి నీళ్ళలో ముంచుతూ పట్టండి.

జింకు పూత పైపు కొలిమిలో పెట్టవద్దు, ఆ తెల్లటి పొగకు జ్వరం పట్టుకుంటుంది. షాక్ అబ్జార్బర్ గొట్టం అసలే పెట్టవద్దు, పేలుతుంది. రెండు రకాల పట్టీలు ఒకే కుప్పలో వేయవద్దు. గిరాకీ తొందరపెట్టినా ముక్క విరవకుండా కత్తి కొట్టవద్దు. పక్క కొలిమివాడు మంచి ఉక్కే అన్నా ముక్క విరవండి. అదే షెడ్డు, అదే లారీ అన్నా ముక్క విరవండి. గీత కత్తికైతే ఒకటి కాదు, పట్టీ రెండు కొసల నుంచీ రెండు ముక్కలు విరవండి.

విరిగిన ముక్కను పారేయవద్దు. మిగిలిన పట్టీకి ఒక రంగు చుక్క, ముక్కకూ అదే రంగు చుక్క పెట్టి, తీగతో కట్టి గోడకు వేలాడదీయండి.