బ్లూటూత్ కారు మొరాయిస్తే ముందు బ్యాటరీ చూడండి

ఫోన్‌తో నడిపే కాలేజీ ప్రాజెక్టు కార్లలో సరంజామా దాదాపు ఒకటే: కారుకు మెదడులాంటి ఆర్డ్యునో యూనో బోర్డు, ఫోన్ ఆదేశాలు అందుకునే హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్, మోటార్లకు కరెంటు అందించే ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్, చక్రాలు తిప్పే పసుపు రంగు బీవో మోటార్లు. కారు ఆగిపోతే అందరూ ముందు కోడ్ తెరుస్తారు. నన్నడిగితే కోడ్ ఆఖరున చూడాలి.

ఫార్వర్డ్ నొక్కగానే బ్లూటూత్ తెగిపోతోంది, కారు ఓ కుదుపు కుదిపి ఆగిపోతోంది

ఎక్కువమందికి వచ్చే తంటా ఇదే. ఇలా చేసే కారులో చాలాసార్లు చిన్న 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. మల్టీమీటర్ పెడితే 9 చూపిస్తుంది కాబట్టి దాని మీద అనుమానం రాదు. కానీ మోటారు ఆగిన చోటు నుంచి కదిలేటప్పుడు లాగే కరెంటు, తిరుగుతున్నప్పటి కంటే చాలా ఎక్కువ. ఆ బ్యాటరీ అంత ఇవ్వలేదు. వోల్టేజీ ఠక్కున పడిపోయి ఆర్డ్యునో రీసెట్ అవుతుంది. అందుకే మీటర్ పెట్టి ఉంచి, బటన్ నొక్కి చూడండి. అంకె జారిపోతుంటే దొంగ దొరికినట్టే.

రెండు 18650 లిథియం సెల్స్‌ను హోల్డర్‌లో సిరీస్‌గా పెట్టండి. మొత్తం 7.4 వోల్టులు, ఫుల్ ఛార్జ్‌లో 8.4. అందులో దాదాపు 2 వోల్టులు ఎల్298ఎన్ మింగేసినా, మిగిలింది బీవో మోటార్లకు చాలు. ప్లస్ వైరులో స్విచ్ తప్పనిసరి. ఈ సెల్స్ షార్ట్ అయితే నిప్పే. సెల్స్ మార్చినా రీసెట్ ఆగకపోతే, ప్రతి మోటారు రెండు కాళ్ల మధ్య 104 అని రాసి ఉండే సెరామిక్ కెపాసిటర్ (విద్యుత్ అలజడి తగ్గించే చిన్న భాగం) సోల్డర్ చేయండి.

ఫోన్ కనెక్ట్ అయింది, చక్రాలు మాత్రం తిరగవు

ఆర్డ్యునో గ్రౌండ్ (మైనస్), డ్రైవర్ గ్రౌండ్ కలిపారా? రెండింటికీ వేర్వేరు బ్యాటరీలు పెట్టినవాళ్లు మరిచిపోయేది ఇదే. తర్వాత ఈఎన్‌ఏ, ఈఎన్‌బీ జంపర్లు (డ్రైవర్ మీద మోటార్లను ఆన్‌లో ఉంచే చిన్న క్లిప్పులు) ఊడిపోయాయేమో చూడండి.

అసలు కనెక్టే కావట్లేదు

మాడ్యూల్ లైటు గబగబా కొట్టుకుంటుంటే ఇంకా కనెక్ట్ కాలేదని అర్థం. పాస్‌వర్డ్ మామూలుగా 1234. ఐఫోన్‌తో ప్రయత్నిస్తుంటే మాత్రం వదిలేయండి, హెచ్‌సీ-05 దానికి పనికిరాదు.

కోడ్ అప్‌లోడ్ కావట్లేదు

బ్లూటూత్ వైర్లు 0, 1 పిన్నుల్లో ఉంటే యూఎస్‌బీకి అడ్డొస్తాయి. పీకి, అప్‌లోడ్ చేసి, మళ్లీ పెట్టండి.

ఒక వైపు చక్రాలు వెనక్కి తిరుగుతున్నాయి

ఆ మోటారు రెండు వైర్లు అటూఇటూ మార్చండి. కోడ్ ముట్టుకోవద్దు.

తిన్నగా పోకుండా పక్కకు లాగుతోంది

ఏ రెండు బీవో మోటార్లూ ఒకే వేగంతో తిరగవు. ముందు ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు తీయండి. అప్పటికీ లాగితే జంపర్లు తీసి, ఈఎన్‌ఏ, ఈఎన్‌బీలను ఆర్డ్యునోలో వేగం తగ్గించి పెంచడానికి వాడే పీడబ్ల్యూఎం పిన్నులకు కలిపి, వేగంగా ఉన్న వైపు విలువ కొంచెం కొంచెంగా తగ్గించండి. మరీ తగ్గిస్తే మోటారు గుయ్‌మంటుందే తప్ప తిరగదు. కారులో సర్వో (చెప్పిన కోణానికి తిరిగే మోటారు) కూడా ఉంటే 9, 10 పిన్నులు వాడొద్దు. యూనోలో సర్వో లైబ్రరీ పెట్టగానే ఆ రెండింటి మీద పీడబ్ల్యూఎం పనిచేయదు. 5, 6 తీసుకోండి.