పండక్కి అనుకోకుండా వచ్చిన కానుకను ఎలా అందుకోవాలి

మలక్‌పేటలో మా అపార్ట్‌మెంట్‌కి అన్ని పండగలూ వస్తాయి. రంజాన్‌కి షీర్ ఖుర్మా, దీపావళికి స్వీట్ బాక్సులు, క్రిస్మస్‌కి ప్లమ్ కేకు, సంక్రాంతికి సకినాలు. బెల్ మోగుతుంది, తలుపు తీస్తే పక్కింటివాళ్లు గిన్నె పట్టుకుని నిలబడి ఉంటారు. తిరిగి ఇవ్వడానికి మన దగ్గర ఏమీ ఉండదు. ఆ టెన్షన్‌లో "అయ్యో, ఇవన్నీ ఎందుకండీ!" అనేస్తాం. దయచేసి ఆ మాట మానేయండి. పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నిలబడి చేసుకొచ్చిన మనిషి వినాల్సిన మాట కాదది.

రెండు చేతులా అందుకోండి. లోపలికి రమ్మనండి. మూత తీసి చూసి, అందులో ఏముందో దాని గురించే మాట్లాడండి. "ఆపా (అక్కా), సారపప్పు కూడా వేశారా!" అంటే చాలు, ఆవిడ ముఖం వెలిగిపోతుంది. శాకాహారులు షీర్ ఖుర్మాకి సంకోచించక్కర్లేదు. పాలు, సన్న సేమ్యా, ఖర్జూరం, నెయ్యి, పప్పులే అందులో ఉండేవి. మీరు తినని వంటకమే వస్తే నవ్వుతూ ఉన్నమాట చెప్పేయండి. తీసుకుని చాటుగా పారేయడం కన్నా అదే గౌరవం. షుగర్ ఉన్నవాళ్లు ఒక చెంచా రుచి చూసి "మిగతాది పిల్లలకి పండగే" అనొచ్చు.

ఇక గిన్నె సంగతి. చాలామంది అక్కడికక్కడే వంటింట్లోకి పరిగెత్తి, ఉన్న బిస్కెట్ ప్యాకెట్ తెచ్చి చేతిలో పెడతారు. అలా చేస్తే బాకీ తీర్చినట్టు ఉంటుంది. గిన్నె మీ దగ్గరే ఉండనివ్వండి. మా అత్తయ్య నేర్పిన పద్ధతి ఇది: కడిగి తుడిచి, రెండు మూడు రోజుల్లో తిరిగి ఇవ్వాలి, ఖాళీగా మాత్రం కాదు. గుప్పెడు చక్కెర వేసినా, రెండు అరటిపళ్లు పెట్టినా సరిపోతుంది. ఇచ్చేటప్పుడు ఇంట్లో ఎవరు ఇష్టంగా తిన్నారో చెప్పండి. బదులుగా ఏం పెట్టామన్నదానికన్నా ఆ కబురే వాళ్లకి ఎక్కువ సంతోషం, నేను చూశాను.

దసరా సాయంత్రం ఎవరైనా జమ్మి ఆకు చేతిలో పెట్టి "బంగారం" అంటే కంగారు పడకండి. మీ చేతిలో ఆకు ఉంటే మీరూ ఇవ్వండి, లేకపోతే తీసుకుని అలయ్ బలయ్ చేసుకోండి, అంటే ఆప్యాయంగా కౌగిలించుకోండి. చిన్నవాళ్లయితే దీవించండి.

దీపావళికి బాక్సులు గుట్టలు పడతాయి. కోవా, పాల స్వీట్లు ముందు తినేయాలి, అవి త్వరగా పాడవుతాయి. ఎక్కువైతే పనమ్మాయికి, వాచ్‌మన్‌కి అదే రోజు తాజాగా పంచండి. తినగా మిగిలినవి వారం తర్వాత ఇవ్వడం నాకు అస్సలు నచ్చదు. డ్రై ఫ్రూట్స్ బాక్సు వేరేవాళ్లకి ఇవ్వదలిస్తే తేదీ చూసి, లోపల పేరు రాసిన చీటీ ఉందేమో వెతికి, మన బిల్డింగ్ బయటివాళ్లకే ఇవ్వండి.

ఆఫీసు పనితో సంబంధం ఉన్నవాళ్లు వెండి నాణేలో, ఖరీదైన వస్తువో పంపితే దారి వేరు. "మీరు గుర్తుపెట్టుకున్నందుకు చాలా సంతోషం, ఇది మాత్రం తీసుకోలేను" అని ఆ రోజే, ప్యాకింగ్ విప్పకుండా తిరిగి పంపేయండి. పై అధికారికి కూడా ఒక మాట చెప్పి ఉంచండి.