ఎండలు ముదరక ముందే క్లోవర్‌కు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పెరట్లో పచ్చిక కోసం గడ్డికి బదులు తెల్ల క్లోవర్ (నేల మీద పాకే, మూడేసి ఆకుల చిన్న మొక్క) వేసుకుంటే ఇక దాని గురించి పట్టించుకోనక్కర్లేదని చాలామంది అనుకుంటారు. చల్లటి నెలల్లో అది చాలావరకు నిజమే. ఎండాకాలంలో మాత్రం అలా వదిలేస్తే మచ్చలు మచ్చలుగా ఎండిపోతుంది.

కారణం వేళ్లలో ఉంది. విత్తనం నుంచి వచ్చిన తల్లివేరు సాధారణంగా ఒకటి రెండేళ్లలో చచ్చిపోతుంది. ఆ తర్వాత నేల మీద పాకే కాడలు, వాటి కణుపుల దగ్గర దిగిన సన్నటి వేళ్లే మొక్కకు ఆధారం. అవి పెద్దగా లోతుకు పోవు. పై మట్టి ఎండిందంటే మొక్కకు నీళ్లు అందనట్టే. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే ఎదుగుదల కూడా మందగిస్తుంది కాబట్టి, అప్పుడు తగిలిన దెబ్బ త్వరగా మానదు.

అందుకే ఎండలు ముదరక ముందే కోత ఎత్తు పెంచండి. 7, 8 సెంటీమీటర్ల కంటే కురచగా కోయొద్దు. కాడలకూ మట్టికీ నీడనిచ్చేవి ఆ ఆకులే. రోజూ పైపైన చిలకరించే బదులు, నాలుగైదు రోజులకోసారి పొద్దున్నే నింపాదిగా తడపండి. తర్వాత ఒక పుల్ల గుచ్చి చూడండి, జానెడు లోతు దాకా తడి తగలాలి. ఇసుక నేలైతే ఇంకాస్త తరచుగా పెట్టాలి. ఆకులు వాడి ఉన్నప్పుడు మాత్రం దాని మీద నడవొద్దు, నలిగిన కాడ మళ్లీ వేరు పట్టడం కష్టం.

వాడిపోతోందని టెన్షన్ పడి యూరియా చల్లకండి. వేరు బుడిపెల్లోని రైజోబియం అనే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తూనే ఉంటుంది. యూరియా వేస్తే మధ్యలో ఉన్న గడ్డి ఏపుగా పెరిగి క్లోవర్‌ను కప్పేస్తుంది. వెడల్పాటి ఆకుల కలుపును చంపే మందులైతే అసలు వద్దు, చాలావరకు అవి క్లోవర్‌నూ చంపుతాయి.

పూలు వచ్చాయంటే తేనెటీగలు వస్తాయి. పిల్లలను ఒట్టి కాళ్లతో వదలకండి. కుట్టితే ఎలర్జీ వచ్చేవాళ్లు ఇంట్లో ఉంటే, పూలు విచ్చుకోక ముందే మొగ్గలు కోసేయాలి. పూలున్నప్పుడు పురుగుమందు కొట్టడం మాత్రం దయచేసి మానుకోండి, చచ్చేది ఆ తేనెటీగలే.

ఇన్ని చేసినా కొన్నిచోట్ల ఎండిపోవచ్చు. అక్కడి కాడలను వెంటనే పీకేయొద్దు, చల్లబడ్డాక కొన్ని మళ్లీ చిగురిస్తాయి. మిగిలిన ఖాళీల్లో విత్తనం చల్లేది కూడా అప్పుడే. అర సెంటీమీటరుకు మించి మట్టి కప్పకండి, మొలిచేదాకా పైతడి ఆరనివ్వకండి.