ట్యాంక్ కొన్ని సెకన్లు అసలు చావడం లేదు: రక్షణ సామర్థ్యాల సమస్య - పరిష్కారం

విజయవాడ, గుంటూరుల్లో సొంతంగా ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేములు తయారు చేసుకుంటున్న కుర్రాళ్లు నా దగ్గరకు తెచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ట్యాంక్ గురించే, అంటే బృందం ముందు నిలబడి శత్రువు దెబ్బలు తినే పాత్ర గురించే ఉంటాయి. ట్యాంక్ మరీ బలంగా ఉన్నాడని ఆర్మర్ (దెబ్బలో కొంత ఆపే కవచం) తగ్గించామనీ, ఇప్పుడు ఆ పాత్రను ఎవరూ ఎంచుకోవడం లేదనీ చెబుతారు. తగ్గించే ముందు దెబ్బల లెక్కలు నమోదయ్యే కంబాట్ లాగ్‌లో కనీసం ఒక్క దెబ్బనైనా విప్పి చూశారా అని అడిగితే మాత్రం సమాధానం ఉండదు.

ఏ అంకెనైనా ముట్టుకోక ముందు చేయవలసిన పని ఒకటే. బఫ్‌లన్నీ (పాత్రకు తాత్కాలికంగా బలమిచ్చేవి) తీసేసి బాస్ (పెద్ద శత్రువు) చేత ఒక దెబ్బ కొట్టించి, ఏ తగ్గింపూ లేని మూల డ్యామేజ్ ఎంత, ఆర్మర్ ఆపింది ఎంత, హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) నుంచి పోయింది ఎంత అని రాసుకోవాలి. తరువాత ఒక్కొక్క సామర్థ్యాన్నీ విడిగా, ఆపైన జంటలుగా, చివరకు అన్నింటినీ ఒకేసారి వేసి అదే దెబ్బను మళ్లీ కొట్టించాలి. ఆ చివరి మెట్టునే అందరూ ఎగరగొడతారు, అసలు దొంగ ఎప్పుడూ అక్కడే దొరుకుతాడు.

లక్షణం: పోరాటమంతా ట్యాంక్ మామూలుగానే ఉంటాడు, కొన్ని సెకన్ల పాటు మాత్రం బాస్ ఎంత కొట్టినా చెక్కు చెదరడు

కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే: డ్యామేజ్ తగ్గించే శాతాలను గుణించకుండా కూడుతున్నారు. బీసెంట్ రోడ్డులో ఆషాఢం తగ్గింపు బోర్డు మీద "50 శాతం, ఆపైన మరో 20 శాతం" అని ఉంటే, చేతికి వచ్చేది 70 శాతం తగ్గింపు కాదని, 60 శాతమేనని చీర కొనేవాళ్లందరికీ తెలుసు. అదే మనిషి కోడ్ రాయడానికి కూర్చుంటే మాత్రం రెండింటినీ కూడేస్తాడు.

ట్యాంక్ దగ్గర 30, 25, 20 శాతాల సామర్థ్యాలు మూడు ఉన్నాయనుకోండి. కూడితే 75 శాతం ఆగి 25 శాతం తగులుతుంది. గుణిస్తే 0.7, 0.75, 0.8ల లబ్ధం 0.42, అంటే 42 శాతం తగులుతుంది. ఇక్కడి వరకూ తేడా పెద్ద ప్రమాదంగా అనిపించదు. ఇప్పుడు హీలర్ (బృందానికి వైద్యం చేసే పాత్ర) 15 శాతం తగ్గించే బఫ్ వేశాడు. కూడే పద్ధతిలో తగిలేది 25 నుంచి 10కి పడిపోతుంది. టూల్‌టిప్‌లో (తెరమీది వివరణలో) 15 శాతం అని రాసి ఉన్న సామర్థ్యం నిజానికి 60 శాతం డ్యామేజ్‌ను మింగేసిందన్నమాట. ఇంకొక 10 శాతం ఎక్కడి నుంచైనా తోడైతే ట్యాంక్‌కు ఏమీ తగలదు, దాన్ని కూడా దాటితే, కింద హద్దు పెట్టకపోతే, బాస్ దెబ్బ ట్యాంక్‌కు వైద్యం చేస్తుంది. గుణించే పద్ధతిలో ఆ హీలర్ బఫ్ 42ను 35.7కు మాత్రమే తెస్తుంది. అది మాట ఇచ్చినట్టే సరిగ్గా 15 శాతం.

ఇంత సూటి లెక్క ఎందుకు దొరకదంటే, అది పరీక్షలో కనిపించదు. ఒక్కొక్క సామర్థ్యాన్ని విడిగా చూసినప్పుడు కూడినా గుణించినా ఒకే ఫలితం వస్తుంది. జంటగా చూసే శ్రద్ధ ఉన్నవాళ్లు కూడా సాధారణంగా ట్యాంక్ బఫ్‌తో పాటు బాస్ మీద వేసే డీబఫ్‌ను (బలం తగ్గించేదాన్ని) ఎంచుకుంటారు. ఆ డీబఫ్ దాడి చేసేవాడి పక్కన లెక్కకు వస్తుంది కాబట్టి అది తనంతట తానే గుణకారమైపోయి, అంతా సవ్యంగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. ఇక పోరాటం మొత్తానికి సగటు తీసే గ్రాఫ్ చూసేవాళ్లకు ఆ కొన్ని సెకన్లు కనిపించే ప్రశ్నే లేదు. అందుకే నాకు సగటులు పంపవద్దని ముందే చెబుతాను. గుంటూరు విద్యార్థుల బృందం ఒకటి ఈ ఒక్క కారణం వల్ల మూడు సామర్థ్యాలనూ వరుసగా నెర్ఫ్ చేసుకుంటూ, అంటే బలం తగ్గించుకుంటూ పోయింది. విడిగా చూస్తే ఒక్కొక్కటీ పనికిరాకుండా పోయింది, కలిపితే మాత్రం ట్యాంక్ ఇంకా చావలేదు.

పరిష్కారం: ఒక్కొక్క బఫ్‌కూ "మిగిలే భాగం" అనే గుణకాన్ని ఉంచి, దెబ్బ పడినప్పుడు వాటన్నింటినీ గుణించండి. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ గేము చేసేది ఇదే. అక్కడ 20 శాతం, 30 శాతం సామర్థ్యాలు కలిస్తే ఆగేది 50 కాదు, 44. దిద్దిన మర్నాడు ట్యాంక్ ఆటగాళ్లు గోల పెడతారు, అందుకు సిద్ధంగా ఉండండి. అన్నీ కలిపి తట్టుకోవాలని రూపొందించిన పెద్ద దెబ్బ ఇంతకు ముందు 25 శాతం తగిలేది, ఇప్పుడు 42 తగులుతుంది కనుక ఆ గోలలో న్యాయం ఉంది. ఆ ఒక్క దెబ్బను పాత విలువలో సుమారు 60 శాతానికి దించండి. సామర్థ్యాల శాతాలను పెంచడానికి మాత్రం పోవద్దు, పెంచితే మామూలు దెబ్బల దగ్గర ట్యాంక్ మళ్లీ రాయిలా మారతాడు.

లక్షణం: నిండు హెచ్‌పీతో ఉన్న ట్యాంక్ ఉన్నట్టుండి పడిపోతాడు

తప్పించుకునే అవకాశాన్ని రక్షణగా లెక్కవేసి ఉంటారు. 40 శాతం దెబ్బలను తప్పించుకునే ట్యాంక్, 40 శాతం డ్యామేజ్‌ను తగ్గించే ట్యాంక్ సగటున సమానమే. కానీ మొదటివాడికి వరుసగా మూడు దెబ్బలూ పూర్తిగా తగిలే అవకాశం 21.6 శాతం, అంటే అయిదింట ఒకసారి కంటే ఎక్కువ. అటువంటి ట్యాంక్‌కు హెచ్‌పీ పెంచండి, తప్పించుకునే శాతం తగ్గించండి.

దీనికి బదులు ఆర్మర్ పెంచితే ఉపయోగం తగ్గిపోతుందని కొందరు భయపడతారు. ఆర్మర్‌ను, ఆర్మర్‌కు ఒక స్థిరాంకం కలపగా వచ్చిన మొత్తంతో భాగించే సూత్రంలో ఆ భయం అనవసరం. తొలినాటి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేములో కొట్టేవాడు 60వ స్థాయిలో ఉంటే ఆ స్థిరాంకం 5500. ఆర్మర్ 5500 ఉంటే 50 శాతం, 11,000 ఉంటే 66.7 శాతం ఆగుతుంది. 10,000 హెచ్‌పీ ఉన్నవాడు మొదటి సందర్భంలో 20,000, రెండో సందర్భంలో 30,000 మూల డ్యామేజ్‌ను భరిస్తాడు. శాతం నెమ్మదించినట్టు కనిపించినా, ఆ గేములోని 75 శాతం హద్దు వచ్చేవరకూ లాభం సమానంగానే పెరుగుతుంది. బాస్ కొట్టేది మంత్ర దాడి అయితే ఈ లెక్క అంతా వృథా అని వేరే చెప్పనక్కర లేదనుకుంటాను.

లక్షణం: డ్యామేజ్ పీల్చుకునే షీల్డ్ వేసినా వేయనట్టే ఉంటుంది

వరుస తారుమారైంది. 5000 షీల్డ్ ఆర్మర్ కంటే ముందు ఖర్చయితే 5000 మూల డ్యామేజ్‌నే ఆపుతుంది. 60 శాతం తగ్గింపు తరువాత ఖర్చయితే 12,500 ఆపినట్టు. శాతాలు ముందు, షీల్డ్ తరువాత రావాలి.

లక్షణం: సమయానికి నొక్కినా సామర్థ్యం పనిచేయలేదంటారు

దెబ్బ లెక్క క్యాస్ట్ బార్ (దాడి సిద్ధమవుతున్నట్టు చూపే పట్టీ) ముగిసిన క్షణంలోనే తేలిపోతుండగా, తెరమీద కత్తి తగలడం ఆ తరువాత కనిపిస్తుంది. కత్తిని చూసి నొక్కినవాడు ఆలస్యమైనట్టే. పటమటలో మొబైల్ డేటా మీద ఆడేవాడికి ఆ ఆలస్యం ఇంకా పెరుగుతుంది. బార్‌కూ బొమ్మకూ మధ్య తేడాను తగ్గించండి, అంతకు మించి సర్వర్‌ను నిందించి లాభం లేదు.

దశాంశాల సవరింపు, అంకె హద్దు దాటి రుణ సంఖ్యగా మారడం, ఒకే బఫ్ రెండుసార్లు నమోదు కావడం వంటివి కూడా కారణాలే గానీ అరుదు. పైవన్నీ చూశాక కూడా ఒక్క దెబ్బ లెక్క కుదరకపోతేనే వాటి జోలికి వెళ్లండి.