తొలి గేమింగ్ కంప్యూటర్: తక్కువ బడ్జెట్‌లో విడిభాగాలను ఎలా ఎంచుకోవాలి?

దుకాణం మెట్లు ఎక్కే ముందే ఒక కాగితంపై రెండు సంగతులు రాసుకోవాలి: ఏ ఆటలు ఆడతారు, ఎలాంటి మానిటర్‌పై ఆడతారు. వాలొరాంట్ వంటి తేలికపాటి ఆటలకు సరిపోయే యంత్రం సైబర్‌పంక్ 2077 వంటి భారీ ఆటకు చాలదు. 4కే తెర మీద 1080పీ తెరకు సరిగ్గా నాలుగు రెట్ల పిక్సెళ్లు (బొమ్మను కూర్చే చుక్కలు) ఉంటాయి కనుక ఆ బొమ్మను గీసే గ్రాఫిక్స్ కార్డుపై భారం కూడా బాగా పెరుగుతుంది. మొదటి కంప్యూటర్‌కు 1080పీ చాలు.

తరువాత గ్రాఫిక్స్ కార్డును నిర్ణయించుకోవాలి. మానిటర్ కాకుండా 60 వేల రూపాయలు ఉన్నాయనుకుంటే, అందులో మూడో వంతుకు పైగా దీనికే కేటాయించడం న్యాయం. 8 జీబీ మెమరీ ఉన్న రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 ఈ స్థాయికి తగిన కార్డు. పేరు చూసి మాత్రం మోసపోకూడదు. ఆర్‌టీఎక్స్ 3050 అన్న పేరుతోనే 8 జీబీ, 6 జీబీ రకాలు రెండూ వచ్చాయి. రెండో దానిలో మెమరీయే కాదు, చిప్ సామర్థ్యం కూడా తక్కువే.

ప్రాసెసర్‌గా 6 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఉన్న రైజెన్ 5 5600 గానీ, కోర్ ఐ5 12400ఎఫ్ గానీ సరిపోతుంది. ఈ రెండింటిలోనూ సొంత గ్రాఫిక్స్ లేవు కాబట్టి, కార్డు తరువాత కొనుక్కుందామనుకుంటే అంతవరకు తెరపై ఏమీ కనిపించదు. భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డు మీది సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ప్రాసెసర్‌కు సరిపోవాలి: 5600కు ఏఎం4, 12400ఎఫ్‌కు ఎల్‌జీఏ 1700. పాత స్టాకు బీ450 బోర్డు తీసుకుంటే, 5600ను గుర్తించేలా బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి ఇమ్మని దుకాణదారునే అడగాలి.

ర్యామ్ 16 జీబీ ఉండాలి. అదీ ఒకే స్టిక్‌గా కాక, రెండు 8 జీబీ స్టిక్కులుగా తీసుకుంటే రెండు ఛానళ్లూ (ర్యామ్‌కు, ప్రాసెసర్‌కు మధ్య డేటా మార్గాలు) పనిచేస్తాయి. ఒక్కొక్కటే 100 జీబీ దాటే ఆటలు ఉన్నాయి కనుక, వీలైతే ఆటలను దాచుకోవడానికి 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగవంతమైన నిల్వ) తీసుకోవడం మంచిది.

భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. నా తొలి కంప్యూటర్‌లో క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన దానిపై '500 వాట్లు' అని పెద్ద అక్షరాలు ఉండేవి. ఒక వేసవి సాయంత్రం అది చిటపటమని కాలిపోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయాక, దాని పక్కన అంటించిన చీటీని మొదటిసారి చదివాను: 12 వోల్టుల లైన్‌కు 16 ఆంపియర్లు, అంటే 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా వాడుకునేది ఆ లైన్‌నే. ఆర్‌ఎక్స్ 6600 ఒక్కదానికే 132 వాట్లు కావాలి. అందుకే పేరున్న సంస్థ తయారు చేసిన, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్న 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ తీసుకొని, ఆ చీటీని కొనే ముందే చదవాలి. క్యాబినెట్‌కు ముందు భాగంలో గాలి ఆడే జాలీ ఉంటే చాలు, రంగుల దీపాలకు డబ్బు తగలేయనక్కరలేదు.

కంప్యూటర్ దుకాణాలుండే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట కొనేటప్పుడు ప్రతి భాగానికీ పూర్తి మోడల్ పేరుతో కొటేషన్ రాయించుకొని, రెండు మూడు దుకాణాలలోనూ ఆన్‌లైన్‌లోనూ పోల్చి చూడాలి. సీరియల్ నంబర్లు వేసిన జీఎస్‌టీ బిల్లు తీసుకోకపోతే వారంటీ సమయంలో తిప్పలు తప్పవు.

అసెంబుల్ చేయించి ఇంటికి తెచ్చాక మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీని (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే అమరికను) ఆన్ చేయకపోతే 3200 వేగం ఉన్న ర్యామ్ కూడా 2133 వద్దో, 2400 వద్దో నడుస్తుంది. విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీని నొక్కితే అసలు వేగం ఎంతో కనిపిస్తుంది.