అరిసెలు విరుగుతున్నాయా? పాకాన్ని తిట్టే ముందు పిండిని పట్టుకు చూడండి

ధనుర్మాసం మొదలైందంటే మా ఇంట్లో ఫోను మోగుతూనే ఉంటుంది. "అక్కా, అరిసె నూనెలో వేయగానే ముక్కలైపోతోంది." "పిన్నీ, చేసిన రోజు బాగానే ఉన్నాయి, తెల్లారేసరికి రాళ్లయిపోయాయి." పిండి ఎలా ఉందని అడుగుతాను. "పిండి బాగానే ఉందిలే, పాకమే కుదరలేదు" అంటారు. పిండిని గుప్పిట్లోకి తీసుకుని నొక్కి చూశావా అంటే చాలాసార్లు అవతల మాట ఉండదు.

అరిసె చెడితే నింద పాకం మీదకి తోసేయడం మనకి అలవాటు. పాకం పట్టడం తేలిక కాదు, ఒక్క నిమిషం అటూ ఇటూ అయినా తేడా కొడుతుంది, నిజమే. అందుకే పాకం దగ్గర అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని నిలబడతారు. పిండిని మాత్రం పళ్లెంలో పోసి వంటింటి గట్టు మీద వదిలేస్తారు. నేను చూసిన చెడిపోయిన వాయిల్లో ఎక్కువ ఆ గట్టు మీదే చెడ్డాయి.

నానబెట్టడం, వార్చడం, జల్లించడం, బెల్లం కరిగించి వడకట్టడం మీకు తెలుసనే అనుకుంటున్నాను. నా కొలత కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. కొందరు అరకిలోతో సరిపెడతారు, అదీ తప్పు కాదు. బియ్యం పచ్చి బియ్యమే కావాలి, దొడ్డు బియ్యమైతే మరీ మంచిది. ఉప్పుడు బియ్యం, బాస్మతి జోలికి పోకండి.

ఒక్క అరిసె వేసి ఆగండి

పాకంలో పిండి పోసి చలిమిడి కలిపాక మొత్తం ఉండలు చేసేసి కూర్చోకండి. ఒక్కటి ఒత్తి నూనెలో వేయండి. ఆ ఒక్కటీ ఎలా చెడిందో చూస్తే రోగం తెలిసిపోతుంది. "విరిగింది" అని అందరూ ఒకే మాట అంటారు కానీ అందులో రెండు రకాలున్నాయి.

మొదటి రకం: వేయగానే నూనె బుసబుసా నురగ కడుతుంది, అరిసె పలచగా పరుచుకుపోతుంది, జల్లెడలా చిల్లులు పడతాయి, తీయబోతే గరిటెకి రాదు. ఇది కరగడం. పాకం లేతది, లేదా పిండి తక్కువైంది.

రెండో రకం: ఆకు మీద ఒత్తుతున్నప్పుడే అంచులు చీలుతాయి. నూనెలో వేశాక ఆ చీలికల దగ్గరే ముక్కలు ఊడతాయి. నురగ పెద్దగా ఉండదు, మూకుడు అడుగున మాత్రం పిండి నలుసులు చేరి మాడుతుంటాయి. ఇది పగలడం. తప్పు పిండిది. ఎండిపోయింది.

ఈ రెంటికీ మందు ఒకటి కాదు. కరిగేదానికి పిండి కావాలి, పగిలేదానికి తడి కావాలి. తెలియకుండా పగిలేదానికి ఇంకో గుప్పెడు పిండి కలిపారంటే ఇక దాన్ని ఎవరూ బాగుచేయలేరు.

కరిగిపోతుంటే

మిగిల్చి పెట్టుకున్న తడిపిండి గుప్పెడు గుప్పెడుగా కలపండి. పిండి మిగల్లేదా, కాస్త గోధుమపిండి కలిపినా నిలుస్తుంది, రుచిలో కొంచెం తేడా వస్తుంది. తొందర లేకపోతే చలిమిడి మీద మూత పెట్టి రాత్రంతా వదిలేయండి, తెల్లారేసరికి దానంతటదే బిగుస్తుంది. చలిమిడిని తిరిగి పొయ్యి మీద పెట్టి ఉడికించకండి. పిండి ఉడికి జిగురవుతుంది, అప్పుడు అరిసె పొంగదు.

పగిలిపోతుంటే, రాయిలా గట్టిపడుతుంటే

దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను. ఏటా మునిగేది ఇక్కడే.

కిలో బియ్యం బాగా నానితే దాదాపు పావు లీటరు నీళ్లు గింజ లోపలికి తాగుతుంది. ఓడ్చి తూస్తే 1,250 గ్రాముల పైనే ఉంటుంది. అరిసెకి కావాల్సింది ఆ నీరే. ఉండపాకం, అంటే చన్నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టే పాకం, వచ్చేసరికి బెల్లంలో నీరు చాలావరకు ఇగిరిపోయి ఉంటుంది, కాబట్టి చలిమిడిలో తడి ఎక్కువగా పిండి తెచ్చేదే. నూనెలో పడగానే ఆ తడి ఆవిరై అరిసెను పొంగిస్తుంది, పిండిని లోపల ఉడికిస్తుంది. పిండి ఎండిపోయి వచ్చిందనుకోండి, తన దాహం తీర్చుకోవడానికి పాకంలో ఉన్న కాస్త నీటినీ లాగేస్తుంది. మీరు సరిగ్గా పట్టిన పాకం కాస్తా గిన్నెలోనే ముదిరిపోతుంది.

ఇది వెంటనే బయటపడదు. వేడి మీద కలుపుతున్నప్పుడు చలిమిడి మెత్తగా, నిగనిగలాడుతూ ఉంటుంది. "భలే కుదిరింది" అనుకుంటారు. గంట పోయాక చూస్తే బిగుసుకుపోయి ఉంటుంది. మొదటి పది అరిసెలు బాగుంటాయి, ఆ తర్వాతవి అంచులు చీలతాయి, చివరివి రాళ్లు. వాయికీ వాయికీ ఇలా తేడా వస్తుంటే పాకాన్ని అనుమానించకండి. అది అన్ని అరిసెల్లోనూ ఒకటే కదా.

అసలు ఉచ్చు ఇంకా ముందుంది. ఈ ఏడు గట్టిగా వచ్చాయి కాబట్టి పాకం ముదిరిందనుకుని, వచ్చే ఏడు లేతగా దించుతారు. ఈసారి పిండి బాగా తడిగా ఉంటే అరిసెలు కరిగిపోతాయి. ఆ పై ఏడు మళ్లీ ముదురు పాకం. ఇలా ఏళ్ల తరబడి అటూ ఇటూ ఊగి, చివరికి "మా చేతికి అరిసెలు రావు" అని స్వీటు షాపులో కొనుక్కునేవాళ్లు ఉన్నారు.

ముదురు పాకానికీ ఎండు పిండికీ తేడా కొరికితే తెలుస్తుంది. ముదురు పాకం అరిసె కరుకుమని విరిగి పంటికి అతుక్కుంటుంది. ఎండు పిండి అరిసె పొడిపొడిగా రాలుతుంది, నమిలితే పచ్చిపిండి పలుకు తగులుతుంది.

ఇంతకీ తడి ఎక్కడ పోతోంది? మొదట నానబెట్టడం దగ్గరే తక్కువ పడుతుంది. వేసవిలో ఒక రాత్రి నానితే సరిపోయే బియ్యం డిసెంబరు చన్నీళ్లలో సరిపోవు. 24 గంటలు ఉంచండి, మధ్యలో రెండు మూడుసార్లు నీళ్లు మార్చండి. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపితే పొడి అయిపోవాలి. నడుమ గట్టి పలుకు తగిలితే ఇంకా నానాలి.

తర్వాత ఫ్యాను. వార్చిన బియ్యాన్ని బట్ట మీద పరిచి "కాస్త ఆరనిద్దాం" అని ఫ్యాను వేసి, ఫోనొస్తే మాట్లాడుతూ గంట మర్చిపోతారు. పెదాలు పగలగొట్టే చలిగాలి ఇది, బియ్యాన్ని మాత్రం వదులుతుందా? హైదరాబాదు, కరీంనగర్ వైపు మధ్యాహ్నాలైతే మరీ పొడి. నన్నడిగితే ఫ్యానే వద్దు. జల్లెడలో వేసి నీళ్లు ఓడిపోయేదాకా ఉంచితే చాలు, గింజ చేతికి చల్లగా తగులుతూ ఉండాలి. విదేశాల్లో ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. హీటరు తిరిగే ఇంట్లో గాలి ఇంతకన్నా పొడి.

మర దగ్గర ఇంకో తంటా. రాళ్ల మధ్య నలిగిన పిండి వేడెక్కి వస్తుంది, డబ్బాలో ఆవిర్లు కక్కుతుంది. ఆ ఆవిరి మీ అరిసెలో ఉండాల్సిన నీరే. తడి బియ్యం పడితే రాళ్లు పట్టేస్తాయని కొందరు మరవాళ్లు "బాగా ఆరబెట్టి తెండమ్మా" అంటారు, మనం బుద్ధిగా ఆరబెట్టి తీసుకెళ్తాం. రెండు కిలోల లోపైతే మిక్సీలో కొంచెం కొంచెంగా, జారు వేడెక్కకుండా ఆపి ఆపి పట్టుకోండి. మర తప్పదనుకుంటే పిండి ఇంటికి రాగానే చెయ్యి పెట్టి చూడండి.

ఆఖరిది జల్లించేటప్పుడు. పేపరు పరిచి దాని మీద జల్లిస్తారు. పేపరు తడి పీలుస్తుంది, పైన గాలి ఆరుస్తుంది. నూక మళ్లీ మిక్సీలో వేసి, మళ్లీ జల్లించి, ఇదంతా అయ్యేసరికి మొదట జల్లించిన పిండి ఎండి తెల్లగా తేలిపోతుంటుంది. జల్లించిన పిండిని జల్లించినట్టే లోతు గిన్నెలో వేసి, అరచేత్తో గట్టిగా అదిమి, తడిబట్ట కప్పండి. రేపటికని ఈరోజే పిండి కొట్టి ఉంచకండి. ఫ్రిజ్‌లో పెట్టినా మూత సరిగ్గా లేకపోతే ఎండుతుంది. పని వాయిదా వేయాలనుకుంటే నానిన బియ్యాన్నే నీళ్లతో సహా ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇక పరీక్ష. పాకం పొయ్యి మీద పెట్టే ముందు చేయండి, దించాక కాదు. పిండి గుప్పిట్లో పట్టి గట్టిగా నొక్కి చెయ్యి తెరవండి. వేళ్ల గుర్తులతో ముద్ద నిలబడాలి. బొటనవేలితో నొక్కితే రెండు మూడు ముక్కలుగా విరగాలి. చెయ్యి తెరవగానే రాలిపోతే పిండి ఎండింది. ముద్ద విరగకుండా అణిగి చేతికి అంటుకుంటే నీరు ఎక్కువైంది, అలాంటప్పుడు మాత్రం పది నిమిషాలు ఆరనివ్వచ్చు.

ఎండిందని తేలితే కంగారేం లేదు. చేతివేళ్లు నీళ్లలో ముంచి పిండి మీద చిలకరిస్తూ, రెండు అరచేతుల మధ్య నలుపుతూ కలపండి. మళ్లీ గుప్పిట పరీక్ష పెట్టండి. ముద్ద నిలిచాక మూత వేసి అరగంట వదిలేస్తే తడి సమంగా పాకుతుంది. ఇంకోసారి జల్లిస్తే ఉండలు పోతాయి. నీళ్లు ఒక్కసారిగా పోయకండి, ఒకచోట ముద్దయి ఇంకోచోట పొడిగా మిగులుతుంది. షాపులో దొరికే పొడి బియ్యప్పిండి వాడేవాళ్లకి కూడా ఇదే దారి. అయితే అందులో పోయింది పావు లీటరు నీరని గుర్తుంచుకుని ఓపిగ్గా చిలకరించాలి. నానిన బియ్యప్పిండితో వచ్చేలాంటి అరిసె మాత్రం దాంతో రాదు, అది ముందే చెప్తున్నా.

చలిమిడి కలిపేశాక తెలిసిందా? వెడల్పు గిన్నెలో వేడినీళ్లు పోసి, చలిమిడి గిన్నెను అందులో దించండి. మెత్తబడుతున్నప్పుడు వేడి పాలు చెంచా చెంచాగా పోస్తూ మర్దనా చేయండి. అంచు చీలకుండా ఒత్తగలిగే దాకా. పాలు పోసిన అరిసెలు ఎక్కువ రోజులు నిలవుండవు. పండక్కి పిల్లలున్న ఇంట్లో అదేమంత ఇబ్బంది కాదులెండి.

నిజంగానే పాకం తప్పైతే

పళ్లెంలో చన్నీళ్లు పోసి పాకం చుక్క వేస్తే కరగకూడదు. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలి. ఆ ఉండ పళ్లేనికేసి కొడితే ఠంగుమందంటే దాటిపోయినట్టే. పారబోయక్కర్లేదు, అరగ్లాసు వేడినీళ్లు పోసి మళ్లీ మరిగించి చూసుకోండి. థర్మామీటరు ఉన్నవాళ్లు సుమారు 115 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర చుక్క వేసి చూడటం మొదలుపెట్టచ్చు, కానీ తీర్పు చెప్పాల్సింది పళ్లెంలో కట్టిన ఉండే.

పాకం దించాకే పిండి వేయండి. ఒకరు పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో తిప్పాలి. వేడి మీదే గట్టిపడేదాకా పిండి పోసేవాళ్లున్నారు. చలిమిడి తెడ్డు మీంచి బరువుగా జారుతుండగానే ఆపేయాలి, చల్లారితే ఎలాగూ బిగుస్తుంది.

బెల్లం విషయానికొస్తే, ఉప్పగా ఉన్న బెల్లం, చెమ్మగిల్లిన పాత బెల్లం పాకానికి లొంగవు. కొట్లో "అరిసెల బెల్లం" అని అడగండి, అనకాపల్లి బెల్లమైనా ఇంకేదైనా చిన్న ముక్క నోట్లో వేసుకునే కొనండి.

మిగతావి

పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటే మంట ఎక్కువ, తగ్గించండి. నూనె పీల్చేస్తుంటే మంట మరీ తక్కువ, లేదా తీశాక చెక్కలతో సరిగ్గా ఒత్తలేదు. అరిసెల చెక్కలు లేకపోతే రెండు చిల్లుల గరిటెల మధ్య నొక్కండి. నువ్వులు ఊడిపోతుంటే అరిసె ఒత్తాక కాకుండా ఉండగా ఉన్నప్పుడే అద్దండి. డబ్బాలో బూజు పడితే వేడి మీదే సర్దేశారన్నమాట. దిష్టి తగిలిందనీ, అమావాస్య ముందు చేశామనీ చెప్పేవాళ్లుంటారు, విని ఊరుకోండి.

ఎంత చేసినా లొంగని చలిమిడి ఉంటే నూనె పాడుచేసుకోకండి. నేతిలో వేయించిన కొబ్బరి ముక్కలు, గసగసాలు కలిపి చలిమిడిగానే తినేయండి. ముక్కలైపోయిన అరిసెలను దంచి, కరిగిన నెయ్యి పోసి ఉండలు కడితే అడిగినవాళ్లకి లడ్డూ అని చెప్పచ్చు.