త్రీ నాట్ త్రీ: తూటాలు నింపడం, పేల్చడం

మనవాళ్ళు త్రీ నాట్ త్రీ అని పిలిచే లీ ఎన్‌ఫీల్డ్ మార్క్ 3, 1907 నాటి రైఫిల్. మన దేశంలో .303 నిషిద్ధ బోరు (గొట్టం లోపలి కొలత), మామూలు లైసెన్సు మీద దొరకదు. విదేశాల్లో లైసెన్సు ఉన్న రేంజిలో పేల్చే అవకాశం వస్తే ఈ పద్ధతి పాటించండి.

ముందుగా రైఫిల్ మీది ముద్ర చదవండి. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో 1960ల నుంచి చేసిన 2ఏ, 2ఏ1 రకాలు చూపులకు అచ్చం ఇలాగే ఉంటాయి, కానీ వాటిలో పట్టేది 7.62 తూటా. మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) కాస్త చదరంగా ఉంటే అనుమానించాల్సిందే. బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) మీది నంబరూ రిసీవర్ (బోల్ట్ కదిలే లోహపు చట్రం) మీది నంబరూ కలవకపోతే గన్‌స్మిత్ గేజ్ పెట్టి హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కూ తూటాకూ మధ్య సందు) చూసేదాకా పేల్చకండి. అది ఎక్కువైతే కేస్ (తూటా ఇత్తడి గుల్ల) మధ్యకి తెగి, ముందు ముక్క చేంబర్‌లో (గొట్టంలో తూటా కూర్చునే చోట) ఉండిపోతుంది. చేంబర్‌లో నూనె, గ్రీజు తడి లేకుండా తుడవండి. తడి ఉంటే కేస్ చేంబర్ గోడకు పట్టుకోక, దెబ్బంతా బోల్ట్ మీద పడుతుంది.

మ్యాగజైన్‌లో 10 తూటాలు పడతాయి, అంటే 5 చొప్పున రెండు చార్జర్లు (తూటాలను వరసగా పట్టి ఉంచే రేకు క్లిప్పులు). అసలు చిక్కంతా తూటా అడుగున బయటికి పొడుచుకొచ్చే అంచుతోనే. పై తూటా అంచు కింది దాని అంచుకు ముందు ఉండాలి. వెనక పడితే బోల్ట్ తోసినప్పుడు రెండూ చిక్కుకుంటాయి. విడిగా నింపేటప్పుడు ఒక్కో తూటా ఇది చూసుకునే పెట్టాలి. చార్జర్‌లోనైతే అంచులు ఒకటి పైకి, ఒకటి కిందికి అమర్చి ఉండాలి.

గొట్టం లక్ష్యం వైపే ఉంచి, బోల్ట్ పూర్తిగా వెనక్కి లాగండి. చార్జర్‌ను రిసీవర్ మీది గాడిలో నిలబెట్టి, బొటనవేలిని పై తూటా మీద, చార్జర్‌కు ఆనించి, ఒకే ఊపులో కిందికి నొక్కండి. వేలు తూటా కొన వైపు జరిగితే తూటా వాలిపోతుంది. బోల్ట్ ముందుకు కదలగానే ఖాళీ చార్జర్ దానంతటదే ఎగిరిపోతుంది.

ఇందులో తూటాను పేల్చే సూది స్ప్రింగు బిగిసేది బోల్ట్ మూసేటప్పుడు. చివర్లో బిగువు తగులుతుంది, కొత్తవాళ్ళు అక్కడే ఆగిపోతారు. సగంలో వెనక్కి లాగితే మొదటి తూటా చేంబర్‌లోనే ఉండిపోయి, రెండోది దాని వెనక ఇరుక్కోవచ్చు. అందుకే అరచేత్తో చివరిదాకా తోయాలి. ఎడమవైపున్న సేఫ్టీ వెనక్కి ఉంటే బంద్, ముందుకు తిప్పితే పేలుతుంది. బట్ భుజానికి గట్టిగా హత్తుకోండి. ట్రిగ్గర్ మొదట మెత్తగా వచ్చి ఒకచోట ఆగుతుంది. ఊపిరి నిలిపి అక్కడి నుంచి నిదానంగా పిండాలి. సైటు 200 గజాల కంటే కిందికి దిగదు కాబట్టి 100 గజాల దగ్గర దెబ్బ కొంచెం పైన పడుతుంది.

పేలకపోతే గొట్టం కదల్చకుండా కనీసం 30 సెకన్లు ఆగి, ముఖం పక్కకు పెట్టి తెరవండి. చప్పుడు బలహీనంగా వినిపిస్తే ఆపేసి, గొట్టంలో గుండు మిగిలిందేమో చూశాకే తరువాతి తూటా.

పాత సైనిక తూటాల ప్రైమర్ (మందును అంటించే అడుగు మూత) వదిలే, తుప్పు పట్టించే ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలోనే కరుగుతుంది. ఆ సాయంత్రమే చేంబర్ వైపు నుంచి సుమారు లీటరు మరిగిన నీళ్ళు పోసి, ఆరాక నూనె పట్టించండి. మర్నాడు గొట్టంలో గుడ్డ దూర్చి చూడండి. తుప్పుతో ఎర్రగా వస్తే మళ్ళీ మొదటి నుంచి.